తొమ్మిది మీద వినబడ్డ గంట

నేను ఒక రిమోట్‌ని. టీవీ రిమోట్‌ని. నల్లటి ఒళ్లు, జానెడు పొడవు, ఒంటినిండా రబ్బరు బటన్లు. నాలాంటి వాళ్లు ఊళ్లో ఇంటికొకరు ఉంటారు కాబట్టి ముఖం చూసి నన్ను గుర్తుపట్టడం కష్టం. వీపు చూస్తే గుర్తుపడతారు. నా వీపుకి మూత లేదు. బ్యాటరీలు జారిపోకుండా బీడీలు కట్టే దారం నాలుగు చుట్లు చుట్టి ఉంటుంది. ఆ దారం కింద, బ్యాటరీకి బిగువు కోసం, మడిచిన కాగితం ఒకటి ఉండేది. నా కథంతా ఆ కాగితానిదే. అయినా ఆత్మకథ అన్నాక పుట్టుక చెప్పకుండా మొదలుపెడితే బాగుండదు కదా, చెబుతాను.

నేను పుట్టిన చోట ఒక పొడవాటి బల్ల ఉండేది. బల్లకి రెండు వైపులా తెల్ల టోపీల ఆడపిల్లలు. చివర కూర్చున్న పిల్ల నా బటన్లు ఒక్కొక్కటీ ఒక్కసారి నొక్కి చూసి, "పని చేస్తుంది" అన్నట్టు పక్కకి తోసింది. సౌండు పెంచే ప్లస్సుకి, తగ్గించే మైనస్‌కి సమానంగా న్యాయం జరిగింది ఆ ఒక్కరోజే.

అక్కడి నుంచి వేములవాడలో ఒక లాడ్జికి వచ్చాను. పద్నాలుగో నంబరు గది. నా వీపు మీద గోళ్ల రంగుతో 14 అని రాసి, ప్లాస్టిక్ తాడుతో నన్ను మంచం కోడుకి కట్టేశారు. టీవీని గోడ మీద వదిలేసి రిమోట్‌ని ఎత్తుకుపోయే దొంగ ఎవడో నాకు ఇప్పటికీ తెలియదు. గుండ్లు చేయించుకుని, తడి బట్టలు కిటికీకి ఆరేసి, భక్తులు నన్ను పట్టుకునేవాళ్లు. పిల్లలు నొక్కేవాళ్లు, పెద్దలు లాక్కునేవాళ్లు, పావుగంటలో అందరూ నిద్రపోయేవాళ్లు. దేవుడి దర్శనానికి నాలుగు గంటలు లైన్లో ఓపికగా నిలబడ్డవాళ్లే, నేను ఒక్క నొక్కుకి పలకకపోతే మంచానికేసి కొట్టేవాళ్లు. నా వీపు మూత పోయింది అలాంటి ఒక భక్తుడి చేతిలోనే.

ఆరేళ్ల తర్వాత లాడ్జివాళ్లు పెద్ద టీవీలు తెచ్చుకుని పాతవి అమ్మేశారు. సిరిసిల్ల నుంచి వచ్చిన తిరుపతి అనే అతను పద్నాలుగో నంబరు టీవీని కొన్నాడు. నా తాడు కోసి అతని చేతిలో పెట్టారు. స్వేచ్ఛ అంటే ఇదే అనుకున్నాను. సంచిలో వేసుకుని బస్సెక్కాడు.

సిరిసిల్లలో ఆ వీధిలోకి అడుగుపెట్టగానే నాకు అర్థమైంది, నా బతుకు ఇక మారబోతుందని. అది సాంచాల వీధి. సాంచాలంటే కరెంటుతో నడిచే మగ్గాలు. రెండిళ్లకొక షెడ్డు, షెడ్డుకి ఎనిమిదో పదహారో సాంచాలు. టకటకా టకటకా అని పొద్దున మొదలైతే ఇక ఆగడం లేదు. గోడలు వణుకుతాయి, గిన్నెలోని నీళ్లు వణుకుతాయి. అక్కడ ఒక మనిషి ఇంకో మనిషిని పేరు పెట్టి పిలవడం దండగ. పిలవాలంటే భుజం తట్టాలి, లేదా కాలితో నేల మీద గట్టిగా తన్నాలి. దాహమైతే బొటనవేలు పెదవుల దగ్గర పెట్టుకోవాలి. ఆకలైతే అరచేయి కడుపు మీద. పోగు తెగిందంటే రెండు వేళ్లు రుద్దాలి. షెడ్డు యజమాని సేటు వస్తున్నాడంటే పిడికిలి నెత్తి మీద పెట్టుకోవాలి. మిగతా ముచ్చట్లన్నీ ఎదుటివాళ్ల పెదవులు చూసి చదువుకుంటారు. అక్కడి ఆడవాళ్లు ఇరవై అడుగుల దూరం నుంచి, గొంతు లేపకుండా, ఒకరి కోడలి మీద ఒకరు చాడీలు చెప్పుకోగలరు. ఆ విద్య నేను ఇంకెక్కడా చూడలేదు.

తిరుపతి గోడ అవతలి షెడ్డులోనే సాంచాలు నడుపుతాడు. ఇంట్లో భార్య వనజ, మూడేళ్ల కూతురు శాన్వి. శాను అంటారు. వనజ బీడీలు చేస్తుంది. సాయంత్రమైతే పక్కింటి స్వరూప, ఎదురింటి బాలవ్వ కూడా చాటలు పట్టుకుని ఈ ఇంట్లోకే వచ్చేవాళ్లు, ఇక్కడ టీవీ ఉంది కాబట్టి. స్వరూపకి పాతికేళ్లు, చంకలో పిల్లాడు. బాలవ్వకి అరవై. ఆమె నలభై ఏళ్లు సాంచాల మీద పనిచేసి, మోకాళ్లు పోయాక బీడీలకి దిగింది.

ఇంకో మాట చెప్పాలి. ఆ ఇంట్లో నాకొక సవతి ఉంది, కేబుల్ డబ్బా రిమోట్. ఛానళ్లు మార్చేది అదే. నా వంతుకి మిగిలింది టీవీ పెట్టడం, ఆపడం, సౌండు పెంచడం. ఆ ఇంట్లో తగ్గించడమనే పనే లేదు.

అందరూ ఎదురుచూసేది సాయంత్రం ఆరున్నరకి వచ్చే "గంటల మేడ" కోసం. ఒక పాత మేడ, దాని పైన పెద్ద గంట. గంట దానంతటదే మోగుతుంది. మోగిన ప్రతిసారీ ఆ ఇంట్లో ఎవరో ఒకరు కనబడకుండా పోతారు. మందాకిని అనే కోడలు ఆ రహస్యం కనిపెట్టాలని తిరుగుతుంటుంది. మొదటి సీజనంతా గంట మోగినప్పుడల్లా ఢమఢమా వాయిద్యాలు, తలుపులు ధడేల్మనడం, అత్తగారి అరుపులు. సాంచాల చప్పుడు మీద కూడా వినబడే సీరియల్ అది. చివరి రోజు మందాకిని మెట్లెక్కి, గంట గది తలుపు తోసింది. తెర నల్లబడింది. సీజను అయిపోయింది.

ఎనిమిది నెలలు ఆ వీధి ఆ తలుపు వెనకేముందో మాట్లాడుకుంది. గంట కొట్టేది చచ్చిపోయిన పెద్ద కోడలు అని బాలవ్వ. కాదు, చచ్చిపోయింది మందాకినే, ఆ సంగతి ఆమెకే తెలియదు అని స్వరూప.

ఆ ఎనిమిది నెలల్లోనే వనజకి కాగితం వచ్చింది.

శాను మాట్లాడేది కాదు. అయినా ఎవరికీ అది లోటుగా తోచలేదు. దాహమైతే బొటనవేలు పెదవుల దగ్గర పెట్టేది, అమ్మ నీళ్లిచ్చేది. ఆకలైతే కడుపు మీద చేయి వేసేది, అన్నం వచ్చేది. సేటు వీధి మలుపు తిరిగితే అందరికన్నా ముందు పిడికిలి నెత్తి మీద పెట్టి చూపించేది, అందరూ నవ్వేవాళ్లు. "ఎంత హుషారున్నదే" అని బాలవ్వ బుగ్గలు పుణికేది. మూడేళ్లు నిండాక అంగన్‌వాడీలో వేశారు. నెల తిరక్కముందే టీచరమ్మ ఇంటికొచ్చింది.

"పేరు పెట్టి పిలిస్తె తిరిగి చూస్తలేదమ్మా. ఒక్క మాట గూడ లేదు. ఎందుకైనా మంచిది, పెద్దాసుపత్రిల చెవులు చూపియ్యిండ్రి" అని చీటీ రాసిచ్చింది.

వనజ ఆ చీటీని చదివి, మడిచి, మళ్లీ చదివి, మళ్లీ మడిచి, ఎక్కడ పెట్టాలో తెలియక ఇల్లంతా చూసింది. చివరికి నన్ను తీసి, దారం వదులు చేసి, బ్యాటరీ పక్కన దోపింది. ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి పోతే ఆ మాట నిజమైపోతుందేమో అని ఆమె భయం. పోకపోతే ఇంకా నిజం కాలేదు కదా అని ఆమె ధైర్యం. ఈ రెంటి మధ్యా నన్ను రోజుకి పదిసార్లు చేతిలోకి తీసుకునేది.

తనే పరీక్షలు మొదలుపెట్టింది. పిల్ల వెనక నిలబడి సత్తు పళ్లెం కింద పడేసేది. పిల్ల తిరిగి చూసేది కాదు. మూత మీద గరిటెతో కొట్టేది. చూసేది కాదు. పుట్టినప్పటి నుంచి పిడుగుల్లాంటి సాంచాల మధ్య పెరిగిన పిల్లకి సత్తు పళ్లెం ఒక లెక్కా అని నేను అనుకునేదాన్ని. చెప్పడానికి నాకు నోరెక్కడిది? నాలోంచి పోయేది ఎవరికీ కనబడని వెలుగొకటే. ఇక నాతో పరీక్ష పెట్టింది. నలభై, యాభై, అరవై. పిల్ల నూలు చుట్టే ఖాళీ కండెలు వరసగా పేర్చుకుంటూ అటే తిరిగి ఉండేది. ఇంకొంచెం పెంచితే వినబడుతుందేమో అని ఆమె ఆశ. నా ప్లస్సు మీది గుర్తు ఆ నెలలోనే చెరిగిపోయింది. సౌండు అరవై రెండు మీద నిలిచిపోయింది. బాలవ్వ మాత్రం, "ఇప్పుడు మంచిగ ఇనబడుతుంది" అని మెచ్చుకుంది.

ఒకరోజు తిరుపతి అన్నం తింటుంటే వనజ ఉండబట్టలేక, "శానుకు మాటలెప్పుడొస్తయంటవ్?" అని అడిగింది.

"ఆలస్యంగ మాట్లాడేటోళ్లు తర్వాత ఆపరు" అన్నాడతను. "నీ లెక్కనే."

ఆమె నవ్వింది. నవ్వి, నన్ను తీసుకుని, వీపు మీది దారం సరిచేసింది.

అలా ఉండగా "గంటల మేడ" రెండో సీజను వచ్చింది.

మొదటి రోజు వనజ గదిలో పదిహేనుమంది కూర్చున్నారు. మందాకిని గంట గదిలోంచి కిందికి దిగింది. ఏం చూసిందో చెప్పలేదు. వంటింట్లోకి పోయి గిన్నెలు సర్దింది. దీపం వత్తి సవరించింది. కిటికీలోంచి చాలాసేపు చూసింది. అయిపోయింది. రెండో రోజు అత్తగారు వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. వాయిద్యాలు లేవు. గంట అసలే మోగలేదు. వారం తిరిగేసరికి వీధి రెండుగా చీలింది.

"ఏం సీరియలే ఇది" అంది బాలవ్వ. "ఒక్కర్తన్న నోరు తెరుస్తలేదు. ఇంటిల్లిపాదికి ఒక్కపారే పండ్లు నొస్తున్నయా?"

"అదే మంచిగున్నది పెద్దమ్మా" అంది స్వరూప. "ఆమె మొకం చూడు. మాట లేకుండనే అంతా చెప్తుంది."

"మొకాలు చూసుడు నాకు కొత్తనా? నలభై ఏండ్లు సాంచాల కాడ మొకాలు చూసుకుంటనే బతికిన. ఇంటికొచ్చి గూడ మొకాలే చూడాల్నా?"

"నీకు అత్త కోడలిని కొట్టాలె. అప్పుడే కత నడిచినట్టు."

"కొట్టకపోయినా సరే, తిట్టన్న తిట్టాలె గద."

పదిహేనుమంది కాస్తా ఎనిమిదిమంది అయ్యారు. ఆ ఎనిమిదిమందీ ఐదుగురయ్యారు. నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంటూ కూడా చేతులతో, పెదవులతో ఇదే గొడవ. బాగుందన్నవాళ్లకి తెలివెక్కువైందని కొందరు, బాగాలేదన్నవాళ్లకి తెలివే లేదని కొందరు. మనుషులు నిజంగా తగువుపడవలసిన విషయాలు నేను ఆ వీధిలో చాలా చూశాను, వాటి మీద అంత గట్టిగా ఎవరూ తగువుపడలేదు. వనజ మాత్రం ఏ పక్షమూ కాదు. ఆమె చూసేది టీవీని కాదు, గడప దగ్గర కూర్చున్న పిల్ల వీపుని.

ఇంతలో గుడ్డకి ఆర్డర్లు లేవని వారం రోజులు సాంచాలు ఆపేశారు.

మీరు నిశ్శబ్దం అంటుంటారు, దాన్ని నేను మొదటిసారి చూసింది అప్పుడే. వీధి వీధంతా జ్వరం దిగిన మనిషిలా పడుకుంది. కాకి అరిస్తే జనం తలెత్తి చూశారు. సాంచాల చప్పుడు లేకపోతే నిద్ర పట్టడం లేదని తిరుపతి అన్నాడు. పక్కింట్లో పోపు వేస్తే ఈ ఇంట్లో వినబడింది.

మూడో రోజు ఆరున్నరకి వనజ టీవీ పెట్టింది. అరవై రెండు మీద ప్రకటన ఒకటి ఇంటి పైకప్పు లేపేసింది. స్వరూప పిల్లాడు ఉలిక్కిపడి ఏడ్చాడు.

"వదినే, జర తగ్గియ్యవా. వీడు ఇప్పుడే పండిండు."

"అంత సప్పుడేడున్నదే?" అంది బాలవ్వ.

వనజ నన్ను తీసుకుని మైనస్ మీద వేలు పెట్టింది. ఇన్నేళ్లుగా ఎవరూ నొక్కని బటన్ కదా, కొత్త చెప్పులా బిగుసుకుపోయి ఉంది. రెండు వేళ్లతో నొక్కింది. అరవై, యాభై, ముప్ఫై. పిల్లాడు మళ్లీ నిద్రలోకి జారేదాకా నొక్కి, తొమ్మిది దగ్గర ఆపింది.

"ఇగ సౌండే లేదు" అని బాలవ్వ చాట ముందుకి జరుపుకుంది.

కానీ ఉంది. తొమ్మిది మీద, ఆగిపోయిన సాంచాల మధ్య, ఆ సీరియల్ మొదటిసారి వినబడింది. మందాకిని అడుగుల కింద చెక్క మెట్లు మూలిగాయి. దీపంలో నూనె చిటపటమంది. ఎక్కడో చుక్క చుక్కగా నీళ్లు పడుతున్నాయి. అన్ని రోజులూ ఏమీ లేదని తిట్టుకున్న సీజను నిండా ఇన్ని చప్పుళ్లున్నాయన్నమాట. సాంచాల హోరులో వీధి వీధంతా వినకుండానే తీర్పు చెప్పేసింది.

"ఓ వదినే, దీంట్ల సప్పుళ్లున్నయే" అంది స్వరూప, బీడీ చుట్టడం ఆపి. వెంటనే ఆ సంగతి బాలవ్వకి వివరించడంలో పడింది. వనజ ఆకు కత్తిరిస్తోంది. తెర మీద మందాకిని చీర మడత పెడుతోంది.

గడప దగ్గర శాను వీధి వైపు తిరిగి కండెలు పేర్చుకుంటోంది. పిల్ల చేతిలో కండె గాల్లోనే ఆగింది. మెల్లిగా వెనక్కి తిరిగింది. లేచి వచ్చి టీవీ ముందు నిలబడి, టీవీ చెంప మీద అరచేత్తో తట్టింది. తర్వాత కుడిచేయి ఎత్తి, పూజలో గంట ఊపినట్టు ఊపింది.

వనజ కత్తెర ఆగిపోయింది.

"గంట అంటుంది" అంది స్వరూప. "గంటేడ మోగింది? ఈ సీజన్ల గంటనే లేకపాయె."

"పాతది యాదికొచ్చి ఉంటది" అంది బాలవ్వ.

వనజ నన్ను చేతిలోకి తీసుకుంది. పిల్ల విన్నదా? లేక మేడని చూసి పాత గంట గుర్తొచ్చిందా? మళ్లీ వేసి చూడ్డానికి మా డబ్బాలో ఆ సౌకర్యం లేదు. మర్నాడు పదకొండింటికి అదే భాగం తిరిగి వేస్తారు. అంతవరకు ఆమె నన్ను చేతిలోంచి దించలేదు.

మర్నాడు పదకొండుకి వనజ పిలవకుండానే అందరూ వచ్చారు. శాను చేయి ఊపిన సంగతి స్వరూప ఊరంతా చెప్పింది కదా, రెండో సీజనులో కూడా గంట ఉందేమో అని. బాలవ్వ పందెం గెలిచే ముఖంతో వచ్చి కూర్చుంది. "మోగకపోతె స్వరూపా, మళ్ల నా ముంగట ఈ సీరియలు పేరెత్తద్దు" అంది. సాంచాలు లేవు కాబట్టి తిరుపతి కూడా ఉన్నాడు. వాళ్లందరికీ అది సీరియల్ పంచాయితీ. అసలు పంచాయితీ ఏమిటో వనజకి తెలుసు, చీటీ మోస్తున్న నాకు తెలుసు.

ఆమె శానుని గడప దగ్గర, వీధి వైపు తిప్పి కూర్చోబెట్టింది. ముందు కండెలు పోసింది. సౌండు తొమ్మిది మీద పెట్టింది. నేను ఆమె అరచేతిలో ఉన్నాను.

మెట్లు మూలిగాయి. దీపం చిటపటమంది. మందాకిని చీర తీసింది. ఒక మడత. రెండు మడతలు. మూడో మడత దగ్గర ఎక్కడో దూరంగా, మేడ మీది పెద్ద గంట కాదు, చంటిపిల్ల మొలతాడు మువ్వంత చిన్న గంట ఒక్కసారి మోగింది.

శాను తిరిగింది. కళ్లు తెర మీద కాదు, చప్పుడు వచ్చిన మూల మీద. చేయి ఎత్తి ఊపింది.

"మోగింది" అంది స్వరూప, గొంతు తగ్గించి.

"ఏడ మోగింది? అబద్ధం" అంది బాలవ్వ.

"నాకు గూడ ఇనబడలె" అన్నాడు తిరుపతి.

వనజ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"సీరియలు చూసి ఏడుస్తవేందే" అంది బాలవ్వ.

"దానికి ఇనబడ్డది పెద్దమ్మా" అంది వనజ. "శానుకు ఇనబడ్డది."

అప్పుడు చెప్పింది, అంగన్‌వాడీ టీచరమ్మ వచ్చిన దగ్గర నుంచి పళ్లెం పడేసిన దాకా, అరవై రెండు దాకా. చెబుతూనే నా దారం విప్పి, చీటీ తీసి తిరుపతి చేతిలో పెట్టింది. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. "నాకొక్క మాట చెప్పకపోతివి" అన్నాడు చివరికి. తిట్టు కాదది.

బాలవ్వ తన చెవి మీద చేయి పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుంది.

"అయితె ఇనబడంది నాకా" అంది.

తర్వాత తనే తేరుకుని, "పోనీ తియ్యి. ఆ సీరియల్ల ఇనేదేమున్నది గనుక" అంది. స్వరూప ముందు నవ్వింది, తర్వాత ఆమె భుజం మీద తల ఆనించింది.

కాగితం తీసేశాక నా బ్యాటరీ జారిపోయింది. ఆ రోజంతా నేను పనిచేయలేదు. పనిచేయనందుకు సంతోషపడింది నా జన్మలో ఆ ఒక్కరోజే.

మిగిలిన వారమంతా వీధిలో అదే పని. ఇళ్లన్నీ తొమ్మిది మీద పెట్టి గంట కోసం చెవులు రిక్కించాయి. విన్నవాళ్లలో చాలామంది, "నిజమే, బాగుంది" అనే పక్షానికి మారారు. చిత్రమేమిటంటే, ఎంత చేసినా వినబడనివాళ్లంతా ఏళ్ల తరబడి సాంచాల మీద ఉన్నవాళ్లే. రుచి తేడా అనుకుని తిట్టుకున్నదాంట్లో సగం చెవుల తేడా. అలాగని అంతా చెవుల మీదికి నెట్టలేం. స్వరూప భర్తకి చీమ నడిచినా వినబడుతుంది, అయినా అతనికి ఆ సీరియల్ అంటే ఆవులింతలే.

కరీంనగర్ ఆస్పత్రికి నన్ను తీసుకుపోలేదు. చీటీ పోయింది. అక్కడ జరిగింది వనజ వచ్చి బాలవ్వకి చెబుతుంటే విన్నాను. డాక్టరమ్మ శాను చెవులకి ఏదో తగిలించి, ఒక డబ్బా, కొన్ని రంగు బిళ్లలు ఇచ్చిందట. చప్పుడు వినబడినప్పుడల్లా ఒక బిళ్ల డబ్బాలో వేయాలి. శాను అన్నీ వేసేసి, ఇంకా లేవా అన్నట్టు చూసిందట.

"చెవులు రెండూ బాగున్నాయి" అందట డాక్టరమ్మ. అంతలో శాను బొటనవేలు పెదవుల దగ్గర పెట్టుకుంది. తిరుపతి సంచిలోంచి సీసా తీసి ఇచ్చాడు.

"ఏంటది?" అని అడిగిందట డాక్టరమ్మ.

"నీళ్లు అడుగుతుంది మేడం."

"మరి నోటితో ఎందుకు అడగదు?"

వనజ ఆలోచించి ఉన్నదున్నట్టు చెప్పిందట. "అడగవలసిన పని పడలె మేడం. మేమందరం గట్లనే మాట్లాడుతం."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి, వీధి సంగతంతా అడిగి తెలుసుకుని, ఇలా చేయమందట. చేతులతో అడిగితే వెంటనే ఇవ్వొద్దు. అర్థమైనా కానట్టు కొంచెం ఆగండి. చప్పుడు లేని చోట, మీ ముఖం పాపకి కనబడేట్టు కూర్చుని మాట్లాడండి. పేరు పెట్టి పిలవండి. నెల నెలా తీసుకొచ్చి చూపించండి. టీవీ తగ్గించండి. మందు చీటీలో నా పేరు చివర్న ఎక్కిందన్నమాట. నాకు చిన్నతనం అనిపించలేదు. ఇన్నాళ్లూ నేను రోగంలో భాగమైతే, మందులో భాగం కావడానికి అభ్యంతరమేముంది?

ఆ తర్వాత రెండు నెలలు అందరికన్నా కష్టపడింది బాలవ్వ. శాను బొటనవేలు పెట్టగానే ఆమె చేయి చెంబు మీదికి పోయేది. "ఆగు పెద్దమ్మా" అని వనజ ఆపేది. "అర్థమయింది గదనే, కానట్టెట్లుండాలె? ఇదేం సదువో" అని గొణిగేది. సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. గోడ పక్క కిటికీకి వనజ గోనెసంచులు కుట్టి వేలాడదీసింది. రోజూ మధ్యాహ్నం పిల్లని తీసుకుని వీధి చివర, షెడ్లు లేని చోట ఉండే బడి అరుగు మీద కూర్చుని మాట్లాడేది. ఏం మాట్లాడేదో తెలియదు. తిరుపతి ఇంట్లోకి వస్తూ కాలితో నేల తన్నబోయి, ఆగి, "శానూ" అని పిలిచేవాడు. ఆ పిల్ల తిరిగి చూసేది. చూసిన ప్రతిసారీ అతను కొత్తగా నవ్వేవాడు.

షెడ్లు ఆగిన సాయంత్రాలు శాను బాలవ్వ ఒళ్లో కూర్చునేది. చిన్న గంట మోగినప్పుడల్లా బాలవ్వ చేయి పట్టుకుని ఊపేది. "మోగిందా? సరే" అనేది బాలవ్వ. సీరియల్‌ని తిట్టడం మాత్రం మానలేదు.

ఒక ఆదివారం, షెడ్లకి సెలవు. వనజ వెనక గిన్నెలు తోముతోంది. స్వరూప తెరకి అతుక్కుపోయి ఉంది. బాలవ్వ తెర వైపు చూడటం లేదు. అందులో చూసేదేముందని ఆమె అభిప్రాయం కదా. ఒళ్లో పిల్ల ముఖం చూస్తోంది. గంట మోగింది. ఈసారి పిల్ల చేయి పట్టుకోలేదు.

"వనజా" అని పిలిచింది బాలవ్వ. "ఇటు రా. బిడ్డ గంట అన్నది."

వనజ సబ్బు చేతులతో వచ్చి నిలబడింది. "నీకెట్ల ఇనబడ్డది పెద్దమ్మా?"

"ఇనబడుడెందుకే. చూసిన" అంది బాలవ్వ, తన పెదవుల మీద వేలు పెట్టి చూపిస్తూ.

"నిజమే వదినే, నేనిన్న" అంది స్వరూప. శాను అందరి ముఖాలూ చూసి, ఇంత గొడవ దేనికో అర్థం కాక, "గంట" అంది మళ్లీ. వనజ అక్కడే, తడి చేతులతోనే, నేల మీద కూర్చుండిపోయింది.

రెండో సీజను కూడా అయిపోయింది. గంట ఎవరు కొట్టారో చివరిదాకా చెప్పలేదు. వీధి ఇంకా రెండుగానే ఉంది. అంతా మోసం అని బాలవ్వ, చెప్పకపోవడమే గొప్ప అని స్వరూప. నన్నడిగితే నాకూ తెలియదు. శానుకి ఇప్పుడు నలభై మాటల దాకా వచ్చాయి. అందులో నాకు తెలిసినవి "గంట", "నీళ్లు", "అవ్వ", ఇంకా "తగ్గియ్యి". ఆ చివరి మాట అనేటప్పుడు వేలు నా వైపే చూపిస్తుంది.

నా మైనస్ మీది గీత సగం చెరిగిపోయింది. మెత్తబడింది కూడా. వీపులో బ్యాటరీ బిగువుకి ఇప్పుడు నూలు పెట్టె అట్టముక్క పెట్టారు. దాని మీద ఏమీ రాసి లేదు. అంత మంచి కాగితం నేను ఇంతవరకు మోయలేదు.